మండపేట ఆడపడుచు డొక్కా సీతమ్మ గారు

సీతమ్మ గారు 1841లో మన మండపేటలోనే పుట్టారు. తండ్రి అనుపిండి భవానీశంకరం గారు అడిగినవారికల్లా అన్నం పెట్టేవారట, అందుకే ఆయనకు బువ్వన్న అని పేరు. లంకల గన్నవరం డొక్కా జోగన్న గారిని పెళ్ళాడి ఆమె వైనతేయ పాయ ఒడ్డున కాపురం పెట్టారు. ఏరు దాటి ఆకలితో ఎవరు ఏ వేళకు వచ్చినా పొయ్యి వెలిగేది. అది సత్రం కాదు, సొంత వంటిల్లే. కులం అడిగేవారు కారని పెద్దలు చెబుతారు. హాస్టల్ పిల్లలం కదా, మాకు ఆ మాటే ముందు పట్టింది. ఎడ్వర్డ్ చక్రవర్తి పట్టాభిషేక ఉత్సవానికి పిలుపు వచ్చినా కదలలేదని చెప్పుకుంటారు. వెళితే ఆ పూట వండేదెవరు? 1909లో కన్నుమూశారు. 2024లో బడుల్లో మధ్యాహ్న భోజనానికి ప్రభుత్వం ఆమె పేరు పెట్టింది. ఆవిడ మన ఊరి ఆడపడుచని మా జూనియర్లలో చాలామందికి తెలియదు, అందుకే ఈ నాలుగు మాటలు.