లెక్కపెట్టి బడులు నిలిపిన భాగ్యరెడ్డి వర్మ



మేం ఇక్కడ పదో తరగతి చదివిన ఏడు, జూన్‌లో మాతోపాటు ప్లేట్లు పట్టుకుని వరుసలో నిలబడ్డ వాళ్ళలో కొందరు మార్చి పరీక్షల నాటికి లేరు. కొందరు మొయినాబాద్ వైపు కోళ్ళఫారాల్లో, ఫాంహౌసుల్లో పనికి కుదిరారు. కొందరు చేవెళ్ళ చుట్టుపక్కల కూరగాయల తోటల్లో కూలికి పోయారు. అందరూ చదువుకోవాలని ప్రతి వార్షికోత్సవంలో పెద్దలు చెబితే చప్పట్లు కొట్టాం. ఎంతమంది మిగిలామో మాత్రం ఎవరమూ లెక్క పెట్టలేదు. మా ఇళ్ళల్లో డిగ్రీ ముఖం చూసిన మొదటివాళ్ళం మేమే. పీజీలో చేరి భాగ్యరెడ్డి వర్మ గారి జీవితం చదివాక గానీ ఆ లెక్క విలువ మాకు తెలియలేదు.

ఆయన అసలు పేరు మాదరి భాగయ్య. 1888 మే 22న హైదరాబాదులో ఓ దళిత కుటుంబంలో పుట్టారు. పెద్ద చదువులకు నోచుకోలేదు. డోస్ సాంటోస్ అనే బారిస్టరు ఇంట్లో పనిచేస్తూనే చదువు, లోకజ్ఞానం సంపాదించుకున్నారు. కుటుంబ గురువు ఆయన పేరును భాగ్యరెడ్డిగా మార్చారు. 1913లో ఆర్యసమాజం వారు వర్మ బిరుదు ఇచ్చారు.

అంటరానితనం పోవాలి, తన జనం తలెత్తుకు తిరగాలి. ఇదీ ఆయన కల. అది ఒక్క మనిషి జీవితకాలంలో తీరే పని కాదు. అందుకే ఆయన ఆ కలను చిన్న చిన్న పనులుగా విడగొట్టారు.

మొదటి పని, జనాన్ని కూడగట్టడం. 1906లో జగన్మిత్ర మండలి స్థాపించి, హరికథలతో, ఉపన్యాసాలతో బస్తీలను కదిలించారు. ఆయన ఉపన్యాసాలు 3,348 అని జీవితచరిత్రకారులు లెక్క చెబుతారు. 1911లో ఆ సంస్థ మాన్య సంఘం అయింది. తాగుడు మానిపించడం, జంతుబలులు, బాల్యవివాహాలు, జోగిని ఆచారం ఆపించడం ఆ సంఘం పనులు. బస్తీ తగాదాలు తీర్చడానికి పంచాయతీలు ఏర్పాటు చేశారు.

రెండో పని, బడి. 1910లో ఇసామియా బజారులో, లింగంపల్లిలో బడులు మొదలయ్యాయి. ఉర్దూ రాజ్యమేలుతున్న నగరంలో మన పిల్లలకు తెలుగులో పాఠాలు చెప్పించారు. ఆ బడులు ఇరవై దాటాయి, పిల్లలు రెండు వేలు దాటారు. తర్వాత వాటిని నిజాం ప్రభుత్వం తన చేతిలోకి తీసుకుంది.

మూడో పని, పేరు. 1917లో బెజవాడలో జరిగిన పంచమ మహాజన సభకు ఆయన అధ్యక్షులు. పంచములనే మాట వద్దని అక్కడే ఆ సభను ఆది ఆంధ్ర మహాజన సభగా మార్చారు. హైదరాబాదులో ఆది హిందువులన్న పేరు కోసం ఏళ్ళ తరబడి పట్టుబట్టారు. 1931 జనాభా లెక్కల్లో నిజాం ప్రభుత్వం ఆ పేరుతోనే నమోదు చేసింది. కల కాస్తా సర్కారు కాగితాల్లో అంకె అయింది.

1939 ఫిబ్రవరి 18న ఆయన కన్నుమూశారు. అంటరానితనాన్ని నిషేధించిన రాజ్యాంగం 1950లో వచ్చింది. ఆయన అది చూడలేదు. అయినా ఆయన నిలిపిన బడుల్లో అక్షరాలు దిద్దిన పిల్లలు అప్పటికే పెద్దవాళ్ళయ్యారు. మనం తింటున్న ఈ హాస్టల్ అన్నం ఆ బాటలో వచ్చిందే.

తమ్ముళ్ళారా, ఆయనంత పని మనవల్ల కాకపోవచ్చు. ఒక నోటుబుక్కు మాత్రం పెట్టగలం. జూన్‌లో పదో తరగతి వాళ్ళందరి పేర్లూ అందులో రాయండి. గదికి ఇద్దరు బాధ్యత తీసుకోండి. దసరాకో, సంక్రాంతికో ఇంటికి వెళ్ళినవాడు వారంలోగా తిరిగి రాకపోతే మాకు కబురు పెట్టండి. చేవెళ్ళ, మొయినాబాద్ పల్లెల్లో వాడి ఇంటికి వెళ్ళి అమ్మానాన్నలతో మాట్లాడే పని పూర్వ విద్యార్థులం మేం చూసుకుంటాం. లెక్కల్లో వెనకబడ్డవాళ్ళకు ఆదివారాలు వచ్చి పాఠం చెబుతాం.

వచ్చే వార్షికోత్సవంలో ఉపన్యాసాలకు ముందు ఆ నోటుబుక్కు తెరుద్దాం. జూన్‌లో ఎందరు, మార్చిలో ఎందరు అని అందరి ముందూ చదువుదాం. తగ్గితే తలదించుకుందాం. తగ్గకపోతే అప్పుడు కొడదాం చప్పట్లు.