చేతులు కడుగుకొమ్మన్న వైద్యుడు

రోగిని బ్రదికింపవచ్చిన చేతులే రోగమును మోసికొనివచ్చునని లెక్కలతో జూపి, తోడి వైద్యుల యాగ్రహమునకు గురియైనవాడు ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్. ఆతడు హంగేరీ దేశీయుడు. 1818 లో బూడా పట్టణమున నొక వర్తకుని యింట జన్మించెను. న్యాయశాస్త్రము చదువ వియన్నాకు బోయి, వైద్యమునకు మరలి, 1846 లో అచ్చటి పెద్ద వైద్యశాలయందు ప్రసూతిశాఖలో సహాయ వైద్యుడయ్యెను.

ఆ శాఖలో రెండు విభాగములుండెను. మొదటిదానిలో వైద్యులును విద్యార్థులును, రెండవదానిలో మంత్రసానులును పురుళ్లు పోయుచుండిరి. మొదటిదానిలో నూటికి సుమారు 10 మంది బాలింతలు సూతికాజ్వరముచే మరణించుచుండ, రెండవదానిలో ఆ సంఖ్య 4 కు మించుట లేదు. నగరమందలి పేదస్త్రీలు సైత మీ భేదము నెరిగి, తమ్ము మొదటి విభాగమునకు పంపవలదని మోకరిల్లి వేడుకొనెడివారు. పండితులు గాలిదోషమనిరి. రెండు విభాగములకును గాలి యొక్కటియే గదా! కిక్కిరిసి యుండుటచేత ననిరి. మంత్రసానుల విభాగమే మరింత కిక్కిరిసి యుండెను. మరణకాలమున ఘంట మ్రోగించుకొనుచు వచ్చు పురోహితుని వలన భయము పుట్టి జ్వరము వచ్చుచున్నదేమో యని సెమ్మెల్‌వైస్ ఆ ఘంటను గూడ మాన్పించి చూచెను. ఫలము లేకపోయెను.

1847 లో ఆతని మిత్రుడు కొల్లెట్ష్కా శవపరీక్ష చేయించుచుండగా విద్యార్థి కత్తి వ్రేలికి తగిలి, కొలది దినములలో మరణించెను. ఆతని శరీరమున గానవచ్చిన చిహ్నములు బాలింతల శరీరములలోనివే! దానితో రహస్యము తేటపడెను. వైద్యవిద్యార్థులు శవములను గోసి, ఆ చేతులతోనే ప్రసవింపనున్న స్త్రీలను పరీక్షించుచుండిరి; మంత్రసానులకు శవములతో పని లేదు. సబ్బుతో కడిగినను చేతుల దుర్గంధము పోవుట లేదని గమనించి, మే నెల నడుమ నుండి క్లోరిను కలిపిన సున్నపునీట చేతులు కడుగుకొనిన గాని లోనికి రారాదని శాసించెను. మనము నూతులలో చల్లు బ్లీచింగుపొడి ఈ జాతిదే. ఏప్రిలులో నూటికి 18 గా నున్న మరణములు జూనులో 2 కు దిగెను. 1848 లో రెండు నెలలు ఒక్క బాలింతయు ఈ జ్వరమునకు బలికాలేదు. ఈలోపల చీము కారు పుండు గల యొక రోగిని మొదట పరీక్షించి, పిమ్మట తక్కినవారిని ముట్టగా, 12 మందిలో 11 మంది చనిపోయిరి. జీవించియున్నవారి నుండియు విషము ప్రాకునని యప్పుడు తెలిసి, ఒక్కొక్క రోగికిని నడుమ చేతులు కడుగవలెనని నియమించెను.

తన చేయియే మృత్యుహేతువని యొప్పుకొనుట పండితునికి సులభము కాదు. సెమ్మెల్‌వైస్ తనయెడ నొప్పుకొనెను; తక్కినవారు పెక్కు రొప్పుకొనలేదు. 1849 లో ఆతని యుద్యోగము పొడిగింపబడలేదు. అయితే ఆతని లోపమును గలదు. తన సిద్ధాంతమును గ్రంథముగా ప్రకటించుటకు 1861 వరకు ఆలసించెను. పిమ్మట ప్రత్యర్థులను హంతకులని దూషించుచు బహిరంగలేఖలు వ్రాసెను.

పెస్టు నగరమున సెయింట్ రోకస్ వైద్యశాలలో 933 కాన్పులలో 8 మంది మాత్రమే ఈ జ్వరముచే మరణించిరి. అటుపై విశ్వవిద్యాలయ ప్రసూతిశాలలో జ్వరము మరల తలయెత్తగా, సరిగా నుతుకని పక్కబట్టలే కారణమని కనుగొని, వానికై యధికారులతో పోరాడెను.

1865 లో మతి చలించెనని ఆతనిని వియన్నా చెంత నొక పిచ్చియాసుపత్రిలో నుంచిరి. అచ్చటి కావలివారు కొట్టిరి. రెండు వారములలో, ఆగస్టు 13 న, పుండు కుళ్లి, రక్తము విషమై మరణించెను. వయస్సు 47. సూతికాజ్వరమునకు హేతువైన సూక్ష్మజీవిని పాశ్చరు పారిసు పండితసభలో బల్లపై గీసి చూపినది 1879 లో.