ఆల్డో లియోపోల్డు

అమెరికా సంయుక్త రాష్ట్రములలో వేటకు సంబంధించిన నియమములు అన్నిచోట్ల ఒక్కటిగా నుండవు. ఒక రాష్ట్రమున జింకను వేటాడుట తప్పు కాని దినమున, పొలిమేర దాటి పొరుగు రాష్ట్రమున అదే పని చేసినవాడు నేరస్థుడు కావచ్చును. ఏ నెలలో వేటాడవచ్చునో, ఒక్కొక్కరు ఎన్ని కుందేళ్లను, ఎన్ని పక్షులను కొట్టవచ్చునో, మగ జింకను మాత్రమే కొట్టవలెనో ఆ యా రాష్ట్రములే నిర్ణయించుచుండును. పైకి చూచువారికి ఇది గందరగోళముగా తోచును. కాని నేల మారినప్పుడు నియమము కూడ మారవలెనని, ఆ మార్పునకు ఆధారము మనుజుల ఇష్టాయిష్టములు గాక అడవియొక్క స్థితియే కావలెనని తన జీవితమంతయు బోధించిన మహనీయుడొకడు కలడు. ఆయనయే ఆల్డో లియోపోల్డు.

లియోపోల్డు 1887వ సంవత్సరము జనవరి 11వ తేదీన అయోవా రాష్ట్రమునందలి బర్లింగ్టన్ పట్టణమున జన్మించెను. ఆ పట్టణము మిసిసిపీ నది ఒడ్డున నున్నది. తండ్రి కార్లు వ్రాతబల్లలు తయారుచేయించు వ్యాపారి. వేటయందు ఆసక్తి గలవాడు. వసంతకాలమున బాతులు గూళ్లు కట్టుకొని పిల్లలను పెంచుటకు పోవుచుండును. అప్పుడు వాటిని చంపినచో సంతతి నశించునని గ్రహించి, చట్టము అడ్డుచెప్పక పూర్వమే కార్లు ఆ ఋతువున వేట మానివేసెను. తండ్రి వెంట చిత్తడి నేలలలో తిరిగిన బాలునకు ఇదియే మొదటి పాఠమయ్యెను.

యేల్ విశ్వవిద్యాలయమున అటవీశాస్త్రము నభ్యసించి, 1909లో లియోపోల్డు ప్రభుత్వ అటవీశాఖయందు ఉద్యోగమున చేరెను. ఆయనను అరిజోనా ప్రాంతమునకు పంపిరి. అచ్చటను, పొరుగుననున్న న్యూమెక్సికోలోను అడ్డు అదుపు లేని వేటవలన జింకలు మిక్కిలి తగ్గిపోయి యుండెను. కావున ఆయన 1915 మొదలు వేటగాండ్రను సంఘములుగా కూర్చి, వేట చట్టములను గట్టిగా అమలు జరిపించుటకు పాటుపడెను. తోడేళ్లను నిర్మూలించినచో జింకలు వృద్ధినొందునని కూడ ఆయన ఆనాడు నమ్మెను. ఉద్యోగమున చేరిన తొలి దినములలో ఆయనయు, ఆయన తోడివారును ఒక తల్లి తోడేలును తుపాకులతో కొట్టిరి. ప్రాణము పోవుచున్న ఆ జంతువు కన్నులలోని వెలుగు ఆరిపోవుటను ఆయన దగ్గర నిలిచి చూచెను. ఆనాడు ఆయన మనస్సు మారలేదు గాని ఆ దృశ్యము మరపునకు రాలేదు.

ఇంతలో అరిజోనా రాష్ట్రమునందే కైబాబ్ అను పీఠభూమిపై ఒక విపరీతము జరిగెను. 1906లో అధ్యక్షుడు థియొడోర్ రూజ్వెల్టు ఆ ప్రాంతమును వేట జంతువులకు రక్షిత స్థలముగా ప్రకటించెను. జింకల వేట నిషిద్ధమయ్యెను. తోడేళ్లు, ప్యూమాలు మొదలగు క్రూరమృగములను ప్రభుత్వపు వేటగాండ్రు చంపిరి. జింకలు అపారముగా పెరిగి, తమకందినంత మేర చెట్ల చిగుళ్లను, పొదలను తినివేసెను. 1924 తరువాతి శీతకాలములలో వేలకొలది జింకలు ఆకలిచే మరణించెను. ఇందుకు గల కారణములలో దేని పాలు ఎంతయో శాస్త్రజ్ఞులు ఇప్పటికిని చర్చించుచున్నారు. ఏమైనను, కాపాడుటకు చేసిన నియమము కూడ కాలము, స్థలము చూడకున్నచో కీడు చేయగలదని లియోపోల్డు గ్రహించెను.

1924లో ఆయన విస్కాన్సిన్ రాష్ట్రమునందలి మాడిసన్ నగరమునకు నివాసము మార్చెను. 1928లో అటవీశాఖను విడిచి, ఉత్తర మధ్య ప్రాంతమునందలి ఎనిమిది రాష్ట్రములలో తిరిగి, అచ్చటి కుందేళ్లు, కౌజులు మొదలగు చిన్న వేట జంతువులు ఎట్లు జీవించుచున్నవో పరిశీలించెను. పొలముల గట్లపై పొదలు నిలిచియున్నచోట కౌజులు నిలిచెను. పొదలు నరికినచోట, వేటను నిషేధించినను, అవి నిలువలేదు. కేవలము నిషేధముతో పని జరుగదని, తిండియు మఱుగును కల్పింపవలెనని ఆయన 1931లో ప్రకటించిన నివేదికలో తెలిపెను. 1933లో ఈ విషయముపై గొప్ప శాస్త్రగ్రంథమును రచించి, ఆ యేడే విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున ఆచార్యుడయ్యెను.

1935లో ఆయన జర్మనీ దేశమునకు పోయి అచ్చటి అడవులను చూచెను. అమెరికాలో వన్యమృగములు ప్రజలందరి సొత్తుగా ఎంచబడును. జర్మనీలోనన్ననో వేట హక్కు భూమి హక్కుతో ముడివడి యుండెను. అచ్చట శీతకాలమున మేత పెట్టి జింకలను మితిమీరి పెంచుటచే అడవి అడుగున చిన్న మొక్కలే లేకపోయెను. అడవి కాపాడబడినట్లు కనబడినను, దానిలో జీవము సన్నగిల్లెనని ఆయన బాధపడెను.

ఆయనకు అసలైన పరీక్ష స్వరాష్ట్రముననే ఎదురయ్యెను. విస్కాన్సినులో అనేక సంవత్సరములుగా మగ జింకలను మాత్రమే వేటాడవలెనను నియమముండెను. జింకలు కొలదిగా నున్న దినములలో అది మంచి నియమమే. కాని తోడేళ్లు దాదాపు నశించి, జింకలు పెరిగి, ఉత్తరపు అడవులలో శీతకాలమున మేత చాలకపోయెను. 1942లో ఏర్పడిన పౌరుల సంఘమునకు అధ్యక్షుడై, లియోపోల్డు సభ్యులతో మంచులో నడచి, ఆకలిచే చచ్చి పడియున్న జింకపిల్లలను కన్నులార చూచెను. ఆడ జింకలను కూడ కొంత తగ్గింపవలెనని ఆయన సలహా యిచ్చెను.

1943లో ఆ సలహా అమలుపరచబడెను. ఆ యేడు సుమారు 1,28,000 జింకలు వేటాడబడెను. ప్రజలు తీవ్రముగా ఆగ్రహించిరి. జింకలను నాశనము చేయించినవాడని ఆయనను పత్రికలలో దూషించిరి. ఒకనాడు జింకల రక్షణకై పాటుపడినవానికే ఈ నింద వచ్చెను! ఆ నియమము మరుసటి యేటనే నిలిచిపోయెను. అయినను ఆయన సంరక్షణ సంఘమును విడువలేదు, ద్వేషము పూనలేదు, తాను చూచిన సత్యమును ఓర్పుతో చెప్పుచునే యుండెను.

1935లో ఆయన విస్కాన్సిన్ నది సమీపమున చవిటివోయిన ఇసుక పొలమును కొని, భార్యాబిడ్డలతో కలిసి వేలకొలది దేవదారు జాతి మొక్కలను నాటెను. 1948 ఏప్రిల్ 21వ తేదీన పొరుగువాని భూమిలో గడ్డికి నిప్పంటుకొనగా, దానిని ఆర్పుటకు పోయి, గుండె ఆగి మరణించెను. ఆయన వ్రాసిన ప్రకృతి వ్యాసముల గ్రంథము 1949లో వెలువడి లోకప్రసిద్ధమయ్యెను. ఆ యేడే విస్కాన్సిన్ ప్రభుత్వము ఆడ జింకల వేటను తిరిగి అనుమతించెను. నేడు ఆ రాష్ట్రమును ప్రాంతములుగా విభజించి, ఏ ప్రాంతమున ఎన్ని జింకలను వేటాడవచ్చునో అచ్చటి స్థితిని బట్టి ఏటేట నిర్ణయించుచున్నారు.

మన దేశమున 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము జింకలను వేటాడుటను నిషేధించినది. ఇచ్చట అడవులు తగ్గి, జంతువులు క్షీణించుటచే ఆ చట్టము అవసరమయ్యెను. ఆంధ్రప్రదేశ్ రాష్ట్రజంతువగు కృష్ణజింక దాని రక్షణలో నున్నది. ఒక దేశమున తగినది మరియొక దేశమున తగకపోవచ్చును. ఏ నియమమైనను అడవిని చూచి చేయవలెను. అడవి మారినప్పుడు నియమమును మార్చుటకు వెనుదీయరాదు. తన నమ్మకము తప్పని తెలిసినప్పుడు దానిని విడిచి, నిజమని తెలిసినదానికై నిందలు భరించిన లియోపోల్డు జీవితము మనకు నేర్పు పాఠమిదియే.