పురాతన కట్టడాల పరిరక్షకుడు గులాం యజ్దానీ

గోదావరి మన డెల్టాను చేరుకొనక పూర్వం సువిశాలమైన దక్కను భూమిని దాటి వస్తుంది. పైఠన్, నాందేడ్, బాసర, ధర్మపురి క్షేత్రాల మీదుగా ప్రవహించే ఆ నదికి ఇరుప్రక్కల, ఒకప్పటి నిజాం రాజ్యంలో బౌద్ధుల గుహలు, కాకతీయుల ఆలయాలు, బహమనీ సుల్తానుల మదర్సాలు వెలసి ఉన్నాయి. నూరేండ్లకు పూర్వం వాటిలో పెక్కు ముళ్లపొదలకు, గబ్బిలాలకు నిలయాలై ఉండేవి. మతభేదం పాటించక వాటన్నిటి రక్షణకు దాదాపు మూడు దశాబ్దాలు పాటుపడిన విద్వాంసుడు గులాం యజ్దానీ. ఆయన జీవితం నేటి విద్యార్థి లోకానికి ఆదర్శప్రాయమైనది.

యజ్దానీ 1885లో ఢిల్లీ నగరంలో జన్మించారు. అక్కడి సెయింట్ స్టీఫెన్స్ కళాశాలలో విద్యాభ్యాసం గావించి, అరబ్బీ, పారశీక భాషలలో పాండిత్యం గడించి, కొంతకాలం అరబ్బీ ఆచార్యులుగా పనిచేశారు. భారతదేశంలోని అరబ్బీ, పారశీక శాసనాలను ప్రకటించే ‘ఎపిగ్రాఫియా ఇండో మొస్లెమికా’ సంపుటాలకు 1913-14 నుండి 1939-40 వరకు సంపాదకత్వం వహించారు. శాసన పఠనం సామాన్యమైన విద్య కాదు. అరిగిపోయిన అక్షరాన్ని కూడబలుక్కోవాలి. హిజ్రీ తేదీని లెక్కగట్టాలి. అందలి వ్యక్తి ఎవరో చరిత్రలో వెదకాలి. మన రాజమండ్రి మసీదులోని పారశీక శాసనం హిజ్రీ 724, అనగా క్రీ.శ. 1324 నాటిది. అట్టి రాయి ఒక్కటి పగిలిపోయినచో ఒక యుగానికి సాక్ష్యమే నశిస్తుంది. రాతిని చదువుట నేర్చినవారికి రాతిని కాపాడవలెనన్న తపన కలుగుట సహజం.

1914లో హైదరాబాదు రాజ్యంలో పురావస్తు శాఖ ఏర్పడినప్పుడు దాని బాధ్యత యజ్దానీకి అప్పగించబడింది. మరుసటి సంవత్సరమే మస్కి గ్రామం వద్ద అశోకుని శాసనం వెలుగులోనికి వచ్చింది. దేవానాంప్రియుడనే బిరుదుతో పాటు అశోకుడనే పేరు కూడ అందులో కనబడుటచే చరిత్రకారుల సందేహం ఒకటి తీరిపోయింది. శాఖవారి గ్రంథమాలలో మొదటి ప్రచురణ ఆ శాసనాన్ని గురించినదే.

అయితే యజ్దానీకి గొప్ప పరీక్ష అజంతాలో ఎదురైనది. 1819లో ఆంగ్ల సైనికాధికారి ఒకరు ఈ గుహలను చూచిన పిమ్మట లోకానికి వాటి ఖ్యాతి తెలిసింది. ఖ్యాతితో పాటు హాని కూడ ప్రారంభమైనది. చిత్రాలకు నకళ్లు వ్రాయవచ్చినవారు రంగులు స్పష్టంగా కనబడుటకై వాటిపై వార్నిష్ పూశారు. ఇంత చేసినను ఆ నకళ్లు దక్కలేదు. రాబర్ట్ గిల్ వ్రాసినవి చాలవరకు 1866లోను, జాన్ గ్రిఫిత్స్ బృందం వ్రాసినవి పెక్కు 1885లోను లండన్‌లో అగ్నికి ఆహుతి అయినాయి.

అజంతా చిత్రాలు రాతిపై నేరుగా వ్రాసినవి కావు. గరుకుగా చెక్కిన గుహ గోడపై మట్టిలో ఊక, గడ్డిపోచలు, నార కలిపి మెత్తారు. దానిపై మరింత నునుపైన పూత, ఆపైన పలుచని సున్నపు పూత వేసి, అది ఆరిన పిదప జిగురు కలిపిన రంగులతో చిత్రించారు. పల్లెలో మట్టిగోడ మెత్తే ఇల్లాలికి తెలిసిన విద్యే ఇది. కాలక్రమాన తేమ వలన, పురుగుల వలన మట్టిపూత రాతినుండి విడివడి పెచ్చులుగా రాలసాగింది. రాజ్యంలో ఉన్నతోద్యోగి అయిన అక్బర్ హైదరీ ప్రోత్సాహం కూడ తోడు కాగా, ప్రభుత్వం ఇటలీ నుండి లోరెంజో చెక్కోనీ, ఓర్సీనీ అనే నిపుణులను పిలిపించింది. వారు 1920-22 మధ్య రెండు శీతకాలాలు శ్రమించి, ఊడిపోతున్న పూతలను గోడకు అతికించి నిలబెట్టారు. వారి శ్రమ లేకున్నచో నేడు మనకు మిగిలిన చిత్రాలలో కొన్ని నేలపాలై ఉండేవి.

కాని వారు రక్షణార్థం పైన పూసిన లక్క వార్నిష్ కొన్ని దశాబ్దాలకు పసుపుబారి, నల్లబడి, చిత్రాలను మరుగుపరచింది. బిగుసుకొనిపోయి క్రింది రంగును కూడ లాగసాగింది. 1950వ దశకంలో అజంతా కేంద్ర పురావస్తు శాఖ అధీనంలోనికి వచ్చిన పిదప, రసాయన శాస్త్రజ్ఞులు ఆ పూతను అంగుళం అంగుళంగా తొలగించుటకు ఎన్నో ఏండ్లు శ్రమించవలసి వచ్చింది. సదుద్దేశం ఒక్కటే చాలదనియు, పాత వస్తువుపై ఏది పూసినను అది మరల తీయదగినదై ఉండవలెననియు ఈ ఉదంతం బోధిస్తున్నది.

యజ్దానీ మరొక రక్షణోపాయం కూడ ఆలోచించారు. గోడ నశించినను రూపం నశింపరాదని, కుంచెతో వ్రాసిన నకళ్లకు బదులు ఛాయాచిత్రాలు తీయించి, వివరణలతో ‘అజంతా’ అనే బృహద్గ్రంథాన్ని 1930 నుండి 1955 వరకు నాలుగు భాగాలుగా వెలువరించారు. అరబ్బీ పండితుడొకడు జాతక కథలను అధ్యయనం చేసి, బోధిసత్త్వుని కరుణామూర్తిని లోకానికి పరిచయం చేయుట గమనింపదగిన విషయం.

తెలుగువారి శిల్పసంపద పట్ల కూడ ఆయన అట్టి శ్రద్ధనే చూపారు. కాకతి గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో పాలంపేటలో నిర్మించిన రామప్ప దేవాలయంపై 1922లో ప్రత్యేక గ్రంథం ప్రకటించారు. ఇసుక నింపిన పునాదిపై నిలిచి, నీటిపై తేలే తేలిక ఇటుకలతో శిఖరం కట్టబడిన ఆ ఆలయానికి 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ గౌరవం లభించింది. బీదరు కట్టడాలను గూర్చిన వారి గ్రంథం 1947లో వెలువడినది. అక్కడ 1472లో మహమూద్ గవాన్ కట్టించిన మదర్సాలో ఒక భాగం 1696 నాటి ప్రేలుడులో కూలిపోయింది. కూలిన మినారును ఊహించి క్రొత్తగా నిర్మించక, మిగిలినదానిని నిలిపి ఉంచుటయే అక్కడ జరిగినది. మెదక్ ప్రాంతంలోని కొండాపురంలో శాతవాహనుల నాటి పట్టణాన్ని త్రవ్వించి వెలికితీసినది కూడ యజ్దానీయే.

1943లో ఉద్యోగ విరమణ చేసినను వారి లేఖిని విశ్రమించలేదు. వారి సంపాదకత్వంలో దక్కను ప్రాచీన చరిత్ర 1960లో వెలువడినది. 1959లో భారత ప్రభుత్వం పద్మభూషణ్ బిరుదంతో సత్కరించింది. 1962లో హైదరాబాదులో ఆయన పరమపదించారు.

ఈ చరిత్ర మనకు దూరమైనది కాదు. మన డెల్టాలో సున్నంతో, టేకు దూలాలతో, పెంకులతో కట్టిన పాత మండువా లోగిళ్లు, మసీదులు, దేవళాలు నేటికీ ఉన్నాయి. గానుగలో ఆడించి, బెల్లపు నీరు, కరక్కాయ రసం కలిపిన సున్నం గోడను ఊపిరి పీల్చనిచ్చేది. దానిపై సిమెంటు పూసినచో లోని తేమ బయటకు పోజాలక, ఇటుక పొడిపొడిగా రాలిపోతుంది. మరమ్మతు పేరుతో మనమే కట్టడాన్ని చంపుతున్నాము. సున్నం పాకం ఎరిగిన మేస్త్రీలు కూడ కరవగుచున్నారు. వారు ఉండగానే ఆ విద్యను అడిగి వ్రాసికొనుట విద్యార్థులు చేయగల సేవ.

1922లో రాజమండ్రిలో ఆంధ్రేతిహాస పరిశోధక మండలి వెలసింది. అందు కృషి చేసిన రాళ్లబండి సుబ్బారావు గారి పేరిట అక్కడ ప్రదర్శనశాల ఉన్నది. విద్యార్థులారా! దానిని దర్శించండి. మీ ఊరి పాత గోడను తాకకముందు, అది దేనితో కట్టబడినదో తెలిసికొనండి. ఎవరు కట్టినదైనను అది మనందరిదే అని భావించండి. యజ్దానీకి మనం అర్పించగల నివాళి అదియే.