గణితసార సంగ్రహకర్త మహావీరాచార్యులు

కర్ణాటకమున కలబురగి జిల్లా సేడం తాలూకాలో కాగిణా నది యొడ్డున మళఖేడ్ అను చిన్న యూరు కలదు. ఒకప్పుడు ఆ యూరి పేరు మాన్యఖేటము. రాష్ట్రకూట చక్రవర్తుల రాజధాని. క్రీ.శ. 814 నుండి 878 వరకు రాజ్యమేలిన అమోఘవర్ష నృపతుంగుడు జైనధర్మము నాదరించినవాడు, జినసేనాచార్యులను గురువుగా భావించినవాడు. ఆ చక్రవర్తి కాలమున, సుమారు 850 ప్రాంతమున, మహావీరాచార్యులు గణితసార సంగ్రహమను సంస్కృత గ్రంథమును రచించిరి.

గ్రంథారంభమున వారు వర్ధమాన జినేంద్రునికి మ్రొక్కిరి, చక్రవర్తిని కొనియాడిరి, లెక్క యెందెందు పనికివచ్చునో చెప్పిరి, పిమ్మట పనిలోనికి దిగిరి. తల్లిదండ్రుల ప్రసక్తి గాని, తమ గొప్ప గాని అందు లేదు. కనుక ఆ మహనీయుని జీవితమును ఆయన లెక్కలలోనే చూడవలసియున్నది.

వారికి ముందు ఆర్యభటుడు, బ్రహ్మగుప్తుడు జ్యోతిషగ్రంథములలో భాగముగా గణితమును చెప్పిరి. మహావీరాచార్యులు తమ గ్రంథమంతయు గణితమునకే యిచ్చిరి. గ్రహచారమునకే కాదు, వంటశాలకు, వైద్యునికి, సంగీతమునకు, ఇల్లు కట్టువానికి, వర్తకునికి లెక్క కావలెనని వారి తలంపు. తొమ్మిది అధ్యాయములు, వేయిన్నూరు పైచిలుకు శ్లోకములు. వడ్డీ లెక్కలు, పెట్టుబడిని బట్టి భాగస్థులకు లాభము పంచుట, వన్నె వేరైన బంగారములను కలిపి కరగించినపుడు వచ్చు వన్నె, ఇవన్నియు మిశ్రక వ్యవహారమను అధ్యాయమున కలవు. అంగడిలో కూర్చున్నవానికి ఇంతకంటె దగ్గరి శాస్త్రము మరియొకటి లేదు.

అయినను వారి చేయి తిరిగిన చోటు భిన్నముల అధ్యాయము. దానికి కలాసవర్ణమని పేరు. కల యనగా భాగము. సవర్ణ మనగా ఒకే రంగు కలది. ఆరవ వంతును ఎనిమిదవ వంతును అట్లే కూడరాదు. రెంటికిని ఒకే రంగు వేయవలెను. ఆరును ఎనిమిదిని గుణించి 48 భాగములు చేయుట పాత పద్ధతి. అంత పెద్ద సంఖ్య యక్కరలేదు, 24 చాలునని చెప్పి, ఆ చిన్న సంఖ్యకు నిరుద్ధమని పేరు పెట్టి, దానిని కనుగొను మార్గమును వారు చూపిరి. నేడు బడిలో కనిష్ఠ సామాన్య గుణిజ మని పిల్లలు వల్లించునది యిదియే. ఆరవ వంతు 24లో నాలుగు, ఎనిమిదవ వంతు మూడు, కలిసి ఏడు.

ఒకటిని ఎన్ని ముక్కలైనను చేసి, ప్రతి ముక్కయు ఏదో ఒక సంఖ్యలో ఒక వంతుగా నుండునట్లు పంచు సూత్రమును గూడ వారు చెప్పిరి. నలుగురికైన సగము, మూడవ వంతు, తొమ్మిదవ వంతు, పదునెనిమిదవ వంతు. 180 రూపాయలైనచో 90, 60, 20, 10. కూడి చూచుకొనవచ్చును, ఒక్క కాసు మిగులదు, ఒక్క కాసు తరుగదు.

వారి లెక్కలు పొడిగా నుండవు. దంపతుల కలహమున ముత్యాలహారము తెగినదట. మూడవ వంతు చెలికత్తెకు దొరకినవి, ఆరవ వంతు పానుపుపై పడినవి, మిగిలినదానిలో సగము, అందు మిగిలినదానిలో సగము, ఇట్లు ఆరుమార్లు చెదరిపోగా దారమున 1161 నిలిచినవి. మొత్తమెన్ని? 1,48,608. ఆచార్యులవారికి ఇట్టి సరసమెట్లు తోచినదో!

ఒకటి మొదలు మహాక్షోభము వరకు 24 స్థానములకు వారు పేర్లు చెప్పిరి. ఎడమకు పోయినకొలది పదింతలు. ఆ నిచ్చెననే కుడివైపునకు దించి, పదవ వంతు, నూరవ వంతు అని వ్రాయు పద్ధతి వారి గ్రంథమున లేదు. ఐరోపాలో దానిని వ్యాప్తికి తెచ్చిన సైమన్ స్టెవిన్ గ్రంథము 1585లో వెలువడెను. ఆయనయు మొదట ఆంట్వెర్ప్ నగరమున పద్దులు వ్రాసినవాడే.

ఈ రెండు పద్ధతుల భేదము మన దేశపు వర్తకులకు 1957 ఏప్రిల్ 1వ తేదీన చేతికి తగిలినది. అంతవరకు రూపాయికి 16 అణాలు, 192 పైలు. మూడవ వంతన్నచో 5 అణాల 4 పైలు, సరిగా. నయాపైసలు వచ్చిన పిదప పావలా 25, అర్ధరూపాయి 50 బాగుగనే కుదిరినవి. బేడ పండ్రెండున్నర, అణా ఆరుంబావు అయి చిక్కు తెచ్చినవి. మూడవ వంతు 33 అయి ఒక పైస మిగిలినది. కారణము కష్టమైనది కాదు. భిన్నమును దశాంశము చేయుటకు పైసంఖ్యకు సున్నలు చేర్చుచు క్రిందిసంఖ్యతో భాగింపవలెను. వీలైనంత కుదించిన పిమ్మట క్రిందిసంఖ్య రెండు, అయిదులతోనే యేర్పడినదైన భాగహారము ముగియును. అందు మూడు చేరినదా, ఎన్నటికిని ముగియదు. ఆచార్యులవారి నాలుగు భాగములను రూపాయిలో పైసలుగా వ్రాసి పైసకు తక్కువైనది విడిచినచో 50, 33, 11, 5, మొత్తము 99. ఆ పోయిన పైస యెవరిది? కలాసవర్ణమున ఆ ప్రశ్నయే పుట్టదు. పంపకము తేలువరకు భిన్నములలోనే యుంచి, కడపట మాత్రమే పైసలు చేయువానికి తగవు తక్కువ.

ఆచార్యులవారును ఒకచోట తప్పిరి. సున్నతో భాగించిన సంఖ్య మారదని వ్రాసిరి. నూరు రూపాయలను ఎవ్వరికిని పంచనిచో నూరును పెట్టెలోనే యుండును గదా యని తలచిరి కాబోలు. అది సరికాదు. ఋణసంఖ్యకు వర్గమూలము లేదన్న మాట మాత్రము ఆ కాలమునకు చాల నిశితమైనది.

పదునొకండవ శతాబ్దిలో రాజరాజనరేంద్రుని కాలమున పావులూరి మల్లన ఈ గ్రంథమును తెలుగు పద్యములలోనికి తెచ్చెను. తెలుగున శాస్త్రగ్రంథములకు అదియే మొదలు. మల్లన శివభక్తుడగుటచే జినపూజల లెక్కలు శివపూజల లెక్కలైనవి. దేవుడు మారెను గాని లెక్క మారలేదు. అయినను మూలకర్త జైనుడను సంగతి చాలమంది తెలుగువారికి తెలియకపోయెను.

సంస్కృత మూలము తాళపత్రములలోనే నిలిచియుండెను. మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాల ఆచార్యులు ఎం. రంగాచార్యులు ప్రతులను సరిచూచి, ఇంగ్లీషు అనువాదముతో 1912లో మద్రాసు ప్రభుత్వ ముద్రణాలయమున అచ్చు వేయించిరి.