సంఖ్యలకు సొంత ఉనికి ఉందా? ఇబ్నె సీనా సమాధానం

మూడు ఖర్జూరాలు మన కళ్లెదుట ఉన్నాయి. మరి మూడు అనే సంఖ్య ఎక్కడ ఉంది? ఖర్జూరాలే లేకపోయినా అది తనంతట తాను ఎక్కడైనా ఉంటుందా? వెయ్యేళ్ల క్రితం ఈ ప్రశ్నను లోతుగా చర్చించిన మహనీయుడు ఇబ్నె సీనా. లోకం ఆయనను వైద్యుడిగానే ఎక్కువగా ఎరుగును.

ఆయన క్రీ.శ. 980లో (హిజ్రీ 370) బుఖారా సమీపంలోని అఫ్షనా గ్రామంలో జన్మించారు. పదేళ్ల వయసుకే దివ్య ఖుర్ఆన్‌ అభ్యసించారు. భారతీయ అంకగణితం నేర్చుకోవడానికి తండ్రి ఆయనను ఒక కూరగాయల వ్యాపారి వద్దకు పంపారు. చిక్కు సమస్య ఎదురైతే మసీదుకు వెళ్లి నమాజు చేసి, దారి చూపమని అల్లాహ్‌ను వేడుకునేవారు. అరిస్టాటిల్ తత్వగ్రంథాన్ని నలభైసార్లు చదివినా బోధపడలేదు. చివరికి బజారులో మూడు దిర్హములకు కొన్న ఫారాబీ పుస్తకం దాని మర్మం విప్పింది. ఆ సంతోషంతో మరునాడు పేదలకు దానం చేశారు.

తర్వాత రాజుల కొలువులలో వైద్యుడిగా, మంత్రిగా పనిచేశారు. ఫర్దజాన్ కోటలో నాలుగు నెలలు ఖైదు అనుభవించారు. ఈ ఒడిదుడుకుల మధ్యనే కితాబుష్షిఫా రచించారు.

సంఖ్యలే సృష్టికి మూలమని పైథాగరస్ అనుయాయులు, గణిత రూపాలు వస్తువులకు వేరుగా ఉన్నాయని ప్లేటో పక్షంవారు భావించేవారు. ఈ గ్రంథంలో ఇబ్నె సీనా రెండింటినీ తిరస్కరించారు. ఒకదానిని విడిగా తలచుకోగలిగినంత మాత్రాన అది విడిగా ఉన్నట్లు కాదని వాదించారు. బంతి రంగును, బరువును పక్కనబెట్టి గుండ్రదనాన్ని మాత్రమే తలచుకోగలం. అంతమాత్రాన ఏ వస్తువుకూ చెందని గుండ్రదనం ఎక్కడో ఉందనలేం. అలాగని సంఖ్య వట్టి కల్పన కాదు. లెక్కించదగిన వాటిలో అది నిజంగా ఉంది. వేరుచేసి చూసేది మన బుద్ధి.

లోకం అనాది అన్న ఆయన అభిప్రాయాన్ని ఇమామ్ గజాలీ తీవ్రంగా ఖండించారు. అయితే అంకగణితం, రేఖాగణితం నిస్సందేహమైన విద్యలని గజాలీ కూడా అంగీకరించారు.

ఇబ్నె సీనా 1037లో హమదాన్‌లో కన్నుమూశారు. ఆ చర్చ మాత్రం ముగియలేదు. విశ్వమే ఒక గణిత నిర్మాణమని భౌతికశాస్త్రవేత్త మాక్స్ టెగ్‌మార్క్ 2014లో వెలువడిన తన గ్రంథంలో వాదించారు. సృష్టిలోని లెక్క ఎంత అద్భుతమైనా అది సృష్టి లక్షణమే గాని సృష్టికర్త కాదు. లెక్కను చూసి అక్కడే ఆగిపోకుండా, లెక్కప్రకారం సృజించిన ప్రభువును గుర్తించడమే మన విశ్వాసం. లెక్కలు నేర్చుకునే మన పిల్లలకు ఈ తేడా కూడా తెలియజెబుదాం.