కట్టమంచి వారు – చరిత్ర పాఠం

కట్టమంచి రామలింగారెడ్డి గారి పేరు చెప్పగానే తెలుగు చదివే వాళ్ళకు 'కవిత్వతత్త్వ విచారము' గుర్తుకొస్తుంది. వాల్తేరు వాళ్ళకు తమ యూనివర్సిటీ తొలి వైస్ ఛాన్సలరు గుర్తుకొస్తారు. చిత్తూరు వాళ్ళకయితే ముందు కట్టమంచి చెరువు, తర్వాతే రెడ్డిగారు. ఇంతకూ ఆయన చదివింది చరిత్ర. ఉద్యోగంలో చేరింది చరిత్ర చెప్పడానికి. ఈ సంగతి మన హిస్టరీ క్లాసుల్లో కూడా ఎవరూ ఎత్తరు. అందుకని ఈ నాలుగు మాటలు.

ఆయన పుట్టింది 1880 డిసెంబరు 10న, చిత్తూరుకు ఆనుకొని ఉన్న కట్టమంచిలో. ఇప్పుడా ఊరు పట్టణంలో కలిసిపోయింది. అప్పటికి చిత్తూరు జిల్లా అనేదే లేదు. అది ఉత్తర ఆర్కాటు జిల్లా. మన జిల్లా ఏర్పడింది 1911లో. తండ్రి సుబ్రహ్మణ్యరెడ్డి గారు. చిత్తూరులో హైస్కూలు చదువు ముగించుకొని, కుర్రవాడు మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చేరాడు.

ఆ కాలేజీ తెలుగు సంఘం వాళ్ళు 1899లో కావ్య రచనకు పోటీ పెట్టారు. పందొమ్మిదేళ్ళయినా నిండని రెడ్డిగారు 'ముసలమ్మ మరణము' రాసి బహుమతి కొట్టేశారు. ఆ కథ ఎక్కడిదో చూడండి. రామాయణ భారతాల్లోది కాదు, ఏ పురాణంలోదీ కాదు. సి.పి. బ్రౌన్ దొర 1853లో అచ్చు వేయించిన అనంతపురం చరిత్రలోది. బుక్కరాయసముద్రం చెరువు గట్టు తెగబోతే, ఊరిని కాపాడడానికి ప్రాణమిచ్చిన ఒక కోడలు కథ. ఇంకా డిగ్రీ అయినా చేతికి రాని కుర్రవాడు కావ్యవస్తువు కోసం స్థానిక చరిత్ర తిరగేశాడంటే, ఆయన మనసు ఎటు మొగ్గిందో అప్పుడే తెలిసిపోతోంది. రాయలసీమ చెరువు గట్టుకు కావ్య గౌరవం దక్కిందన్నది మనం కొంచెం గర్వంగానే చెప్పుకోవచ్చు.

1902లో ప్రభుత్వ స్కాలర్‌షిప్పు మీద ఇంగ్లండు వెళ్ళి, కేంబ్రిడ్జిలో సెయింట్ జాన్స్ కాలేజీలో చేరారు. తీసుకున్నది హిస్టరీ ట్రైపాస్. ఆయన అక్కడ దిగిన కాలం కాస్త విశేషమైంది. అంతకు కొన్ని నెలల ముందే, 1902 జూన్‌లో, అక్కడి చరిత్ర ఆచార్యుడు లార్డ్ ఆక్టన్ కన్నుమూశాడు. ఆక్టన్ ఒక పెద్ద పని తలపెట్టి, ముగించకుండానే పోయాడు. అదే కేంబ్రిడ్జి మోడరన్ హిస్టరీ. యూరప్ చరిత్ర మొత్తాన్ని ఒక్కడే కూర్చుని రాయకుండా, ఒక్కో అధ్యాయం ఆ విషయం బాగా తెలిసిన ఒక్కో పండితుడి చేత రాయించాలని ఆయన పథకం. పైగా ఒక షరతు పెట్టాడు. వాటర్లూ యుద్ధం గురించి రాస్తే ఇంగ్లీషువాడు, ఫ్రెంచివాడు, జర్మనీవాడు, డచ్చివాడు, ఎవడు చదివినా సరే అని తల ఊపేట్టు ఉండాలి. రాసినవాడిది ఏ దేశమో పుస్తకం చూసి కనిపెట్టగూడదు. మొదటి సంపుటం 1902లోనే వెలువడింది. ఆక్టన్ తర్వాత ఆ పీఠం ఎక్కిన జె.బి. బరీ, చరిత్ర సాహిత్యంలో ఒక కొమ్మ కాదు, అది శాస్త్రం అని 1903లో తన తొలి ఉపన్యాసంలోనే తేల్చి చెప్పాడు. ఆ చర్చల వేడిలో మన చిత్తూరు కుర్రవాడు చరిత్ర చదివాడు, ఫస్టు క్లాసులో ప్యాసయ్యాడు.

కేంబ్రిడ్జిలో ఆయన చేసిన ఇంకొక పని మన స్టూడెంట్స్ యూనియన్ పత్రికలో చెప్పుకోకపోతే బాగుండదు. అక్కడి యూనియన్ సొసైటీ అంటే చర్చావేదిక. పార్లమెంటుకు వెళ్ళే వాళ్ళంతా ముందు అక్కడ నోరు తిప్పుకొనేవాళ్ళు. దానికి ఉపాధ్యక్షుడుగా ఎన్నికైన తొలి భారతీయుడు రెడ్డిగారే. దొరల పిల్లల ఓట్లతో, దొరల ఊళ్ళో, దొరల భాషలో గెలిచిన ఎన్నిక అది. మన ఎన్నికల్లో గోడలకు పూసే రంగుల ఖర్చు తలచుకుంటే నవ్వొస్తుంది, పోనీయండి.

తిరిగి వచ్చాక బరోడా కాలేజీలో ఉద్యోగం. అరవిందులు అంతకు ముందు పనిచేసిన కాలేజీ అది. అక్కడ ఎంతోకాలం లేరు. 1909లో మైసూరు మహారాజా కాలేజీకి చరిత్ర చెప్పడానికి వచ్చారు, తర్వాత ప్రిన్సిపాలు కూడా అయ్యారు.

మైసూరు మహారాజు నాల్వడి కృష్ణరాజ ఒడయరు తన రాజ్యంలో యూనివర్సిటీ పెట్టాలనుకున్నారు. బ్రిటిషు ఇండియాలో అప్పటికున్న యూనివర్సిటీలు చాలామటుకు పరీక్షలు పెట్టి పట్టాలిచ్చే ఆఫీసులే. పాఠం కాలేజీలో, పరీక్ష మద్రాసులో. ప్రశ్న వేసేవాడికి చదువు చెప్పేవాడెవడో తెలియదు. అటువంటిది ఇంకొకటి పెట్టి ఏం లాభమని, లోకంలో యూనివర్సిటీలు ఎలా నడుస్తున్నాయో చూసి రమ్మని మహారాజు ఇద్దరిని పంపారు. థామస్ డెన్‌హామ్ ఆస్ట్రేలియా, ఇంగ్లండు యూనివర్సిటీలను చూశారు. రెడ్డిగారు ముఖ్యంగా అమెరికాలో షికాగో, విస్కాన్సిన్ విశ్వవిద్యాలయాలను పరిశీలించారు. విస్కాన్సిన్‌లో యూనివర్సిటీ తన ప్రహరీ గోడ దాటి రైతుల దగ్గరికీ పల్లెల దగ్గరికీ వెళ్ళి పాఠాలు చెప్పేది. ఒక దేశంలో యూనివర్సిటీ నిలబడాలంటే నాలుగు దేశాల యూనివర్సిటీల అనుభవం తోడు కావాలని ఈ యాత్రలో తేలింది. 1916లో మైసూరు విశ్వవిద్యాలయం వెలిసింది. దేశీయ సంస్థానాల్లో అదే మొదటిది. 1918 నుంచి రెడ్డిగారు అక్కడి విద్యాశాఖకు ఇన్‌స్పెక్టర్ జనరలు. హరిజన పిల్లలకు బడి తలుపులు తెరిపించడానికి పట్టుబట్టిన అధికారుల్లో ఆయన ఒకరు. 1921లో ఆ పని వదిలేసి మద్రాసు రాజకీయాల్లోకి వచ్చారు.

రాజకీయాల సంగతి ఎక్కువ చెప్పను. మొదట జస్టిస్ పార్టీ, తర్వాత దాంతో తగవు. 1923 నవంబరులో పానగల్ రాజా మంత్రివర్గం మీద మద్రాసు శాసనమండలిలో అవిశ్వాస తీర్మానం పెట్టింది ఆయనే. 44కు 65 ఓట్ల తేడాలో ఓడిపోయింది. కేంబ్రిడ్జి యూనియన్‌లో నేర్చిన విద్య అక్కడ బాగా పనికొచ్చిందిగాని, ఓట్లు రాల్చలేదు.

1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం చట్టమైంది. తొలి వైస్ ఛాన్సలరు రెడ్డిగారు. ఇక్కడే అసలు కథ.

చట్టం అయితే వచ్చిందిగాని యూనివర్సిటీ ఎక్కడుండాలి? బెజవాడ అని కొందరు, రాజమండ్రి అని కొందరు, విశాఖపట్నం అని కొందరు. రాయలసీమ వాళ్ళు అనంతపురం అన్నారు. వాళ్ళ వాదనలో న్యాయం ఉంది. అనంతపురంలో 1916 నుంచీ ప్రభుత్వ కాలేజీ ఉంది. రైలెక్కి విశాఖ పోవడం కంటే మద్రాసు పోవడం మనవాళ్ళకు చాలా దగ్గర. సర్కారు జిల్లాల వాళ్ళు పదవులన్నీ పట్టుకుపోతారన్న భయం కూడా ఉంది, అది దాచిపెట్టుకున్న భయమేమీ కాదు. 1928 నవంబరులో నంద్యాల సభలో దత్తమండలాలకు రాయలసీమ అని పేరు పెట్టుకున్న రోజులవి. చివరకు వాల్తేరు ఖాయమైంది. 1929లో సవరణ చట్టం వచ్చి, రాయలసీమ కాలేజీలు ఆంధ్ర విశ్వవిద్యాలయం నుంచి విడిపోయి మళ్ళీ మద్రాసు యూనివర్సిటీ కిందికి పోయాయి.

యూనివర్సిటీ కట్టినవాడు రాయలసీమ మనిషి. ఆ యూనివర్సిటీలో రాయలసీమ లేదు. ఇందులో తప్పు ఎవరిదంటే ఒక్కరిది అనడం కష్టం. అయినా ఒకటి అనక తప్పదు. నాలుగు దేశాల వాళ్ళు ఒప్పుకొనే చరిత్ర రాయొచ్చని కేంబ్రిడ్జిలో నమ్మినవాళ్ళ దగ్గర చదువుకున్న మనిషి, ఒకే భాష మాట్లాడే పదకొండు జిల్లాల వాళ్ళను ఒక ఊరి పేరు మీద ఒప్పించలేకపోయారు. దీని నష్టం చరిత్ర పాఠానికే ఎక్కువ తగిలింది. విజయనగరం, పెనుగొండ, గుత్తి, చంద్రగిరి మన సీమలో ఉంటే, తెలుగు దేశపు చరిత్ర చెప్పాల్సిన డిపార్టుమెంటు వాల్తేరు సముద్రం ఒడ్డున పెరిగింది. సరిగ్గా 1930ల్లోనే సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి గారు తిరుమల శాసనాలను చదివి, దేవస్థానం తరఫున అచ్చు వేయిస్తున్నారు. ఆ శాసనాలకు పక్కనే ఒక యూనివర్సిటీ చరిత్ర శాఖ ఉండి ఉంటే అనిపిస్తుంది.

1930లో ఉప్పు సత్యాగ్రహం మీద ప్రభుత్వం లాఠీలు ఝళిపించినప్పుడు, రెడ్డిగారు నిరసనగా వైస్ ఛాన్సలరు పదవికి రాజీనామా ఇచ్చారు. ఆ కుర్చీలోకి 1931లో సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు వచ్చారు. ఆయనా మనకు కొత్తవారు కాదు. తిరుత్తణిలో పుట్టి, 1896 నుంచి 1900 దాకా తిరుపతి లూథరన్ మిషన్ స్కూల్లో చదివినవారే. అదే 1931 నుంచి రాధాకృష్ణన్ గారు నానాజాతి సమితి వారి మేధోసహకార సంఘంలో సభ్యులు. ఒక దేశపు పిల్లలకు పక్కదేశం మీద ద్వేషం నూరిపోసే పాఠ్యపుస్తకాలను ఎలా దిద్దాలన్నది ఆ సంఘం చేపట్టిన పనుల్లో ఒకటి. అంటే వాల్తేరు వైస్ ఛాన్సలరు జెనీవాలో కూర్చుంటే, ఆ బల్ల మీద యూరప్ చరిత్ర పుస్తకాల గొడవ కూడా ఉండేదన్నమాట. వాల్తేరులో చరిత్ర, రాజనీతి చెప్పడానికి హీరేన్ ముఖర్జీ వంటి వారు వచ్చింది కూడా ఆ కాలంలోనే.

1936లో రెడ్డిగారు మళ్ళీ వైస్ ఛాన్సలరుగా ఎన్నికయ్యారు. ఈసారి 1949 దాకా. మరుసటి ఏడే, 1937 నవంబరులో, కోస్తా, రాయలసీమ నాయకులు మద్రాసులో శ్రీబాగ్ ఒడంబడిక రాసుకున్నారు. అనంతపురంలో యూనివర్సిటీకి రెండో కేంద్రం పెట్టాలని అందులో ఒక షరతు. అది కాగితం మీదే ఉండిపోయింది. 1942లో విశాఖ మీద జపాను బాంబులు పడ్డాయి. యూనివర్సిటీని మూటాముల్లే కట్టి గుంటూరుకు తరలించారు. ఆ పుస్తకాలనూ ప్రయోగశాలలనూ తరలించి, క్లాసులు ఆగకుండా నడిపించడం చిన్న పని కాదు.

ఆ 1942లోనే ఆయనకు సర్ బిరుదు వచ్చింది. లాఠీ దెబ్బలకు నిరసనగా పదవి వదిలిన మనిషి, క్విట్ ఇండియా ఏటనే ఆ బిరుదు పుచ్చుకోవడం ఆయన్ని అభిమానించే వాళ్ళకు కూడా మింగుడుపడలేదంటే ఆశ్చర్యం లేదు. ఆయన బతుకంతా ఇలాంటి మలుపులే. ఒక పార్టీలో కుదురుగా ఇమడలేదు. పెళ్ళి చేసుకోలేదు. మాట పదును ఎక్కువ, మిత్రులు తక్కువ కాదు.

చరిత్ర చదివినవాడు చెప్పుకోదగ్గ చరిత్ర గ్రంథం ఒక్కటీ రాయలేదన్నది ఆయన మీద ఉన్న ఫిర్యాదు. నిజమే. తెలుగులో ఆయన పేరు నిలిపినవి కావ్య విమర్శ, అర్థశాస్త్రం, వ్యాసాలు. కాని ఆయన వైస్ ఛాన్సలరుగా ఉండగా 1948లో ఆంధ్ర విశ్వవిద్యాలయం మల్లంపల్లి సోమశేఖరశర్మ గారి రెడ్డిరాజ్యాల చరిత్రను ఇంగ్లీషులో ప్రచురించింది. శర్మగారికి పెద్ద డిగ్రీలు లేవు. శాసనాలు చదివి, ఊళ్ళు తిరిగి నేర్చుకున్న చరిత్ర ఆయనది. పట్టా లేని పండితుడి పుస్తకం యూనివర్సిటీ ముద్రతో రావడం అప్పట్లోనే కాదు, ఎప్పుడూ అరుదే.

అదే 1948లో, రెడ్డిగారి పేరిట ఉన్న జాతీయ బహుమతిని ఆంధ్ర విశ్వవిద్యాలయం అరవిందులకు ఇచ్చింది. ఆయన ఆశ్రమం వదిలి కదలరు గనుక, రెడ్డిగారే పుదుచ్చేరి వెళ్ళి అందజేశారు. బరోడాలో ఒకే కాలేజీలో వేర్వేరు కాలాల్లో పాఠాలు చెప్పిన ఇద్దరూ అలా ఎదురుపడ్డారు.

1949లో వాల్తేరు వదిలి, మైసూరు విశ్వవిద్యాలయానికి ప్రో ఛాన్సలరుగా వెళ్ళారు. 1951 ఫిబ్రవరి 24న పోయారు. ఆ సంవత్సరమే ఫ్రాన్సు, జర్మనీ చరిత్రకారులు ఒక బల్ల చుట్టూ కూర్చుని, తమ రెండు దేశాల మధ్య తగువుగా ఉన్న ఘట్టాలను రెండు దేశాల బడుల్లోనూ ఎలా చెప్పాలో ఒప్పందానికి వచ్చారు. రెండు ప్రపంచ యుద్ధాల తర్వాత వాళ్ళకు అది సాధ్యమైంది.

మన దగ్గర 1954లో తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం వెలిసింది. 1929లో మద్రాసుకు వెళ్ళిపోయిన రాయలసీమ కాలేజీలు పాతికేళ్ళ తర్వాత తెలుగు యూనివర్సిటీ కిందికి వచ్చాయి. వాల్తేరుకు కాదు, ఇక్కడికి. కట్టమంచి నుంచి ఇక్కడికి బస్సులో రెండు గంటల దారి.